థ పొట్టలో చుక్క

మా అన్నయ్యకి కోపం రాదు. తన వాటా కూడా నాకే వచ్చిందని మా వదిన అంటుంది. అన్నయ్య నన్ను పేరు పెట్టి పిలవడు, మిరపకాయ అంటాడు. నాకు మనవలు పుట్టే వయసొచ్చినా ఇంకా మిరపకాయనే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఈ కథలో నేను చాలామంది మీద నోరు పారేసుకున్నాను. వాళ్ళలో సగంమంది ఏ పాపమూ ఎరగరు.

అన్నయ్య ప్రూఫులు దిద్దుతాడు, నేను పేజీలు కడతాను. రచయితలు పంపిన కాగితాలు చూసి నేను కంప్యూటర్లో టైపు కొట్టి పేజీలుగా అమరిస్తే, అన్నయ్య వాటిని అక్షరం అక్షరం చదివి తప్పులు పట్టుకుంటాడు. వాళ్ళింటి ముందు గదిలో మా ఇద్దరి బల్లలూ పక్కపక్కనే. రెండు వీధుల అవతలి నుంచి నేను పొద్దున్నే వచ్చి కూర్చుంటాను. కళ్ళల్లో వత్తులు వేసుకుని చూడడం అని జనం మాటవరసకి అంటారు. మా గదిలో అది ఉద్యోగం. ఏ వత్తు తప్పినా, ఏ దీర్ఘం జారినా అన్నయ్యకి దొరికిపోవాల్సిందే.

వత్తుల కన్నా అన్నయ్యకి చుక్క అంటే ప్రాణం. థ పొట్టలో ఉండే చుక్క. అది లేకపోతే థ కాస్తా ధ అవుతుంది. కథ కధ అవుతుంది, రథం రధం అవుతుంది. లోకంలో సగంమంది అలాగే రాస్తారు, నా వేలు కూడా ఎప్పుడూ ధ మీదికే పోతుంది. ఇన్నేళ్ళుగా నేను ధ కొడుతూనే ఉన్నాను, అన్నయ్య చుక్క పెట్టిస్తూనే ఉన్నాడు. "పొట్ట ఖాళీగా ఉందే, పాపం పస్తు పడుకోబెట్టకు" అంటాడు. ప్రెస్సుల వాళ్ళంతా అన్నయ్యని చుక్కగారు అనే పిలుస్తారు. తెలియనివాళ్ళు అది వేరే చుక్క అనుకుని వదిన వంక జాలిగా చూసేవాళ్ళు. టీ తప్ప ఏదీ ముట్టని మనిషి మా అన్నయ్య.

అన్నయ్య బల్ల మీద ఒక మానిటర్ ఉంది. ఇళ్ళకి ప్లాన్లు గీసే ఆఫీసొకటి మూసేస్తుంటే అక్కడి నుంచి కొనుక్కొచ్చాడు. ముప్పై అంగుళాల తెర, వెండిరంగు అంచులు, పక్కకి జరపాలంటే ఇద్దరు పట్టాలి. చాలా పాతది. కానీ ఎదురెదురు పేజీలు రెండూ అచ్చు పుస్తకం సైజులో పెట్టినా ఒక్క గీత చెదరదు. దాని ముందు కూర్చుంటే అన్నయ్యకి పిలుపు వినపడదు. వదిన దాన్ని సవతి అనేది. చలికాలం వెళ్ళాక తెర కాస్త మసగ్గా ఉందని అన్నయ్య రెండు మూడుసార్లు అన్నాడు. నేను మెత్తటి గుడ్డ తెచ్చి శుభ్రంగా తుడిచిపెట్టాను.

వేసవిలో ఆ పాత కంప్యూటర్ చచ్చిపోయింది. బాగుచేసే ఆయన మూత తీసి చూశాడు, మూత పెట్టేశాడు, చేతులు దులుపుకున్నాడు. సరేనని ల్యాప్‌టాప్ కొన్నాం. పలకంత సన్నగా ఉంది. పక్కన రెండు చిన్న రంధ్రాలు తప్ప ఇంకేం లేవు. మానిటర్ వైరు కొస చూస్తే ఇంత వెడల్పు తెల్ల ప్లగ్గు, దాని నిండా వరసలుగా పిన్నులు, అటొక స్క్రూ ఇటొక స్క్రూ. ఏనుక్కి చీమ సంబంధం చూసినట్టుంది.

వీధి చివర కొట్టతను ధైర్యం చెప్పాడు. "అడాప్టర్లు ఉన్నాయి కదండీ. ల్యాప్‌టాప్‌కి ఇది, దీని వెనక అది" అని రెండు ముక్కలు ఒకదానికొకటి గుచ్చి నా చేతిలో పెట్టాడు. తెచ్చి తగిలించాను. తెర వెలిగింది. నేను సంబరపడేలోపే అక్షరాలు కనిపించాయి. తడిచేత్తో అలికినట్టు ఉన్నాయి. అంచులన్నీ చెదిరిపోయి ఏది థయో ఏది ధయో తెలియడం లేదు.

"ఇదేంటి అన్నయ్యా, ఇలా అలుక్కుపోయింది?" అన్నాను.

అన్నయ్య కాసేపు తెర వంక చూశాడు. "నీకూ అలాగే కనిపిస్తోందా?" అన్నాడు.

"కళ్ళున్న ఎవరికైనా అలాగే కనిపిస్తుంది."

"అయితే తెరదే అన్నమాట తప్పు" అన్నాడు. ఆ మాట అని, బరువు దించుకున్నవాడిలా కుర్చీలో వెనక్కి వాలాడు. నేను పట్టించుకోలేదు. కొట్టతన్ని తిట్టే హడావుడిలో ఉన్నాను.

ల్యాప్‌టాప్ సొంత తెర మీద చదవమన్నాను. పోస్టుకార్డంత ఉంది, దాని మీద ఏం చదువుతాం అన్నాడు. పోనీ కాగితం మీద ప్రింటు తీసి ఇస్తానంటే, పెద్ద తెరకి అలవాటుపడ్డాను, ఇప్పుడు కాగితం నా వల్ల కాదు అన్నాడు. సరే, అడాప్టరే వెతుకుదాం అనుకున్నాను.

ఇంతలో పబ్లిషరు గారి ఫోను. ఆవిడ పిల్లల పుస్తకాలు వేస్తారు. మా పనిలో సగానికి పైగా ఆవిడ దగ్గరి నుంచే వస్తుంది. కొత్త పుస్తకం అచ్చయి వచ్చింది, అట్ట మీద ఇంతింత అక్షరాలతో 'కధల పెట్టె' అని ఉంది. పొట్టలో చుక్క లేదు. లోపల కూడా చాలాచోట్ల లేదు.

"చుక్కగారి చేతి మీదుగా వచ్చిన పుస్తకంలో ఇదేంటమ్మా? ఒకటా రెండా?" అన్నారు. "మీ అన్నయ్యగారికి కళ్ళు సరిగ్గా ఆనుతున్నాయా?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. "మా అన్నయ్య కళ్ళకేం కాలేదండీ. మానిటర్‌కి వచ్చింది రోగం. కంప్యూటర్ మారింది, సరైన అడాప్టర్ దొరకలేదు, తెరంతా అలికినట్టు వస్తోంది. దాని ముందు కూర్చుంటే మీకైనా చుక్క కనిపించదు. అడాప్టర్ దొరకనివ్వండి. తర్వాత ఒక్క తప్పు చూపించండి, పని మానేసి ఇంట్లో కూర్చుంటాం."

ఆవిడ చేతిలో ఒక పెద్ద పని ఉంది, పిల్లలకి బొమ్మలతో నిఘంటువు. రెండు మూడేళ్ళు పడుతుంది. అన్నయ్య ఎప్పటి నుంచో దాని మీద ఆశ పెట్టుకున్నాడు. నేను పోయాక కూడా పిల్లలు మాటలు సరిగ్గా రాస్తారే అని వదినతో అనేవాడట.

"క అక్షరం మాటలు పదహారు పేజీలు పంపించాను కదా. సోమవారం కల్లా దిద్ది పంపండి" అన్నారావిడ. "తప్పుల్లేకుండా ఉంటే నిఘంటువు మొత్తం మీకే. లేకపోతే ఏమీ అనుకోవద్దు, వేరేవాళ్ళకి ఇచ్చేస్తాను."

అన్నయ్యకి అంతా చెప్పాను, కళ్ళ మాట తప్ప. అన్నయ్య వింటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. పెట్టుకుని, మళ్ళీ తీసి తుడుచుకున్నాడు.

"ఆ అడాప్టర్ దొరుకుతుందంటావా?" అన్నాడు.

"దొరక్కపోతే చేయిస్తాను" అన్నాను.

ఇక కాళ్ళరిగేలా తిరిగాను. అద్దాల తలుపుల షోరూంలో టై కట్టుకున్నాయన మానిటర్ ఫొటో చూసి ముక్కు విరిచాడు. "ఇది బాగా పాతదండీ. పారేసి కొత్తది తీసుకోండి, ఆఫర్ ఉంది" అన్నాడు. "మీ తాతగారు కూడా పాతవారే కదా, పారేశారా?" అన్నాను. తోడొచ్చిన మా ఆయన నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. ఇంకో కొట్టతను బంగారు రంగు పిన్నులున్న అడాప్టర్ ఇచ్చి, ఇది పనిచెయ్యకపోతే నా పేరు మార్చుకుంటానన్నాడు. తెచ్చి పెడితే అదే అలుకుడు. వెనక్కి వెళ్ళి, ఏ పేరు అనుకుంటున్నారని అడిగొచ్చాను. మా సొరుగు నిండా తెల్లవీ నల్లవీ ముక్కలు పోగయ్యాయి. ఏది తగిలించినా తెర వెలుగుతుంది, అక్షరం మాత్రం తేరుకోదు. నా తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి ఆ మానిటర్ అమ్మిన ప్లాన్ల ఆఫీసాయన నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆయన ఓపిగ్గా చెప్పాడు. "ఆ ప్లగ్గులో వైర్లు రెండు జట్లుంటాయమ్మా. మామూలు అడాప్టర్లు ఒక జట్టునే వాడతాయి. అందుకని తెరకి అందాల్సిన చుక్కల్లో కొన్నే అందుతాయి. ఆ కొన్నిటినే సాగదీసి తెరంతా పరుస్తుంది, అందుకే మసక. మీకు కావాల్సింది చిన్న సబ్బుబిళ్ళంత ఉండే డబ్బా. దానికి విడిగా కరెంటు ఇవ్వాలి. రెండు జట్లనీ అదొక్కటే నడపగలదు."

"మాకు కొన్ని చుక్కలు చాలవండీ, అన్నీ కావాలి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, అయినా నవ్వాడు.

ఆన్‌లైన్లో వెతికి ఆర్డరు పెట్టాను. శనివారం వస్తుందని చూపించింది. అన్నయ్యకి చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, అంత సంతోషం.

"దొరికిందా?" అన్నాడు అన్నయ్య.

"దొరికింది. ఇంక చూసుకో."

"మంచిది" అన్నాడు. టీ చల్లారిపోయేదాకా కప్పు ముట్టుకోలేదు.

లోపలికి వెళ్తే వదిన పళ్ళెం తుడుస్తోంది. "ఆ డబ్బా కోసం అంత పట్టుబట్టకపోతే ఏం అమ్మాయ్?" అంది. "మనిషి సరిగ్గా తిండి తినడం లేదు. రాసిపెట్టి ఉంటే ఆ పని వస్తుంది, లేకపోతే లేదు."

"అది వస్తే అన్నీ అవే సర్దుకుంటాయి వదినా" అన్నాను. వదిన తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడిచింది.

శనివారం మధ్యాహ్నం డబ్బా వచ్చింది. ఫోను ఛార్జర్‌తో దానికి కరెంటు ఇచ్చాను. ఒక కొస ల్యాప్‌టాప్‌కి పెట్టి, రెండో కొస ఆ వెడల్పు ప్లగ్గుకి బిగించి స్క్రూలు తిప్పాను. నీలం లైటు వెలిగింది. తెర కాసేపు నల్లగా ఉండిపోయింది. నాకు తెలిసిన దేవుళ్ళందరికీ ఒక మాట చెప్పుకున్నాను. అప్పుడు వచ్చింది బొమ్మ. నేను గబగబా క పేజీలు తెరిచాను. ఒక్కో అక్షరం సన్న కలంతో ఇప్పుడే రాసినట్టు ఉంది. గుడి, కొమ్ము, ఏత్వం, అన్నీ విడివిడిగా, ఎంత చిన్న వత్తయినా దేని దారిన అది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. ఒక వైరు ముక్క కోసం ఏడ్చిన మనిషిని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అన్నయ్య వచ్చి నా వెనక నుంచుని కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"వచ్చిందా?"

"వచ్చింది, చూడు."

తెర మీద కత్తి, కత్తెర, కథ, కదలిక వరసగా ఉన్నాయి, అన్నీ లావు అక్షరాలు. నేను ఆ వారమంతా కూర్చుని కొట్టినవే.

"అబ్బ, ఎంత బాగుందే" అన్నాడు అన్నయ్య. "ఇన్నాళ్ళకి ప్రాణం లేచొచ్చింది. అదిగో, కత్తెర కింద కథ. పొట్టలో చుక్క చూడు, ఎంత గుండ్రంగా నిలబడిందో."

చూశాను. చుక్క లేదు.

నేను మళ్ళీ ధ కొట్టాను. ఆ తెర మీద అది దాచినా దాగదు. పొట్ట ఖాళీగా ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ ఖాళీ అన్నయ్య చూపించకుండానే నాకు కనిపించింది. అన్నయ్య సరిగ్గా దాని వంకే చూస్తూ లేని చుక్కని మెచ్చుకుంటున్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది, 'కధల పెట్టె' అట్ట మేము దిద్ది పంపింది పాత కంప్యూటర్ బతికుండగానే. అప్పటికి ఏ అడాప్టరూ లేదు, తెర అద్దంలా ఉండేది. కోపంలో ఆ సంగతి నాకు తట్టనే లేదు, పైగా ఆవిడ మీద అరిచాను. మసగ్గా ఉందని అన్నయ్య అంటే నేను గుడ్డ పెట్టి తుడిచింది తెరని.

"అన్నయ్యా, చుక్క లేదు" అన్నాను.

అన్నయ్య కుర్చీ వీపు వదిలేశాడు. తర్వాత నెమ్మదిగా వెళ్ళి తన కుర్చీలో కూర్చున్నాడు.

"ఎప్పటి నుంచి?" అన్నాను.

"చలికాలం నుంచి. డాక్టరు దగ్గరికి నేనొక్కణ్ణే వెళ్ళాను. కంటి లోపల నడిమధ్య దెబ్బతిందట, రెండు కళ్ళకీ. అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు" అని అన్నయ్య ఎవరి గురించో చెబుతున్నట్టు చెప్పాడు. "చుట్టూ అంతా కనిపిస్తుందే. తలుపు కనిపిస్తుంది, బల్ల కనిపిస్తుంది. దేన్ని చూద్దామని చూస్తే అదే పోతుంది. చూడకపోతే ఉంటుంది, చూస్తే ఉండదు."

"మరి ఇన్నాళ్ళూ ప్రూఫులు ఎలా చూశావు?"

"మాటలు తెలిసినవే కదా. అటూ ఇటూ ఉన్నవి చూసి మధ్యలోది నేనే వేసుకున్నాను. చాలావరకు సరిపోయేవి."

ఇంక నేను ఆగలేకపోయాను. "నాతో ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయింది? నేను పరాయిదాన్నా? నీ కోసం బజారంతా తిరిగి అడ్డమైన వాళ్ళతో పోట్లాడొచ్చాను. ఆ పబ్లిషరు గారి మీద అరిచాను. కళ్ళున్న ఎవరికైనా అని నీ మొహం మీదే అన్నాను కదా, అప్పుడైనా చెప్పొచ్చు కదా" అని ఏడుస్తూనే తిట్టాను.

అన్నయ్య తిట్టనిచ్చాడు. అంతా అయ్యాక అన్నాడు. "నీకూ తెర మసగ్గా ఉందన్నావు చూడు, ఆ రోజు ఎంత హాయిగా అనిపించిందో నీకు తెలీదు. తప్పు తెరదే అనుకుంటూ కొన్నాళ్ళు బతకొచ్చు అనిపించింది. ఆ డబ్బా దొరికిందని నువ్వు సంబరపడ్డప్పటి నుంచీ నాకు నిద్ర లేదే. అది రాకూడదని కోరుకున్నాను."

నేను అంత తిరిగింది మా అన్నయ్యకి ఆ ఒక్క ఆసరా లేకుండా చెయ్యడానికే.

"పబ్లిషరమ్మకి ఫోన్ చెయ్యి" అన్నాడు. "అడాప్టర్ దొరకలేదు, మానిటర్ ఇంక పనికిరాదు, నిఘంటువు వేరేవాళ్ళకి ఇచ్చుకోమని చెప్పు. కళ్ళ సంగతి మాత్రం ఎత్తకు. చుక్కగారికి చుక్క కనపడదని నలుగురూ చెప్పుకోవడం నాకొద్దు."

నాకు అబద్ధం ఆడటం రాదు, గొంతు పెద్దదై దొరికిపోతాను. అయినా ఫోను చేసి, అన్నయ్యకి వినపడేలా స్పీకర్ పెట్టాను. ఆవిడ ఎత్తగానే, "ఏమ్మా, అడాప్టర్ దొరికిందా?" అన్నారు.

"దొరకలేదండీ" అన్నాను. తెర నా ఎదురుగా తళతళలాడుతోంది. "ఎంత తిరిగినా దొరకలేదు. పాత మానిటర్ కదా, ఇంక వదిలేశాం. నిఘంటువు మీరు వేరేవాళ్ళకి..."

"అయ్యో, దానికోసమా?" అన్నారావిడ. "ఆ రోజు నేనూ కాస్త గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి. మా ఆఫీసులో కొత్త పెద్ద మానిటర్ ఒకటి ఖాళీగా ఉంది, సోమవారం పంపిస్తాను. ఒక్క వైరు చాలు, ఈ అడాప్టర్ల గొడవే ఉండదు. చుక్కగారు లేకుండా నిఘంటువు ఎలా వేస్తానమ్మా? ఆ తప్పులు మానిటర్ వల్లే అని మీరు చెప్పాక నా మనసు కుదుటపడింది."

అన్నయ్య ఫోను కోసం చెయ్యి చాపాడు. చెయ్యి ఫోనుకి జానెడు పక్కగా వెళ్ళింది. నేనే జరిపి ఆ చేతిలో పెట్టాను.

"నేనమ్మా, చుక్కని" అన్నాడు అన్నయ్య. "మానిటర్ బాగానే ఉంది. అడాప్టర్ కూడా దొరికింది. మా చెల్లెలు నేను చెప్పమంటే అలా చెప్పింది. నాకే కళ్ళు ఆనడం లేదు. మీ అట్ట మీద చుక్క నాకు కనపడలేదు, ఉందనుకున్నాను."

ఆవిడ, "అయ్యో" అన్నారు. ఎప్పటి నుంచి అని అడిగారు, ఏ డాక్టరని అడిగారు. చివరికి, "మీరింక విశ్రాంతి తీసుకోండి" అన్నారు. ఎంతో మర్యాదగా అన్నారు. నిఘంటువు మాట మళ్ళీ ఎత్తలేదు, మానిటర్ మాటా ఎత్తలేదు. తిడదామంటే ఆ మాటల్లో ఒక్క తప్పు లేదు.

వదిన ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నుంచుని ఉంది. ఎంతసేపట్నుంచి వింటోందో నేను అడగలేదు. లోపలికి వచ్చి అన్నయ్య చేతిలో టీ కప్పు పెట్టి, వేళ్ళు కప్పు చుట్టూ సరిగ్గా పట్టుకునేదాకా ఆగి, తన చెయ్యి తీసుకుంది. అలా పట్టించడం ఆవిడకి కొత్త కాదని అప్పుడు గమనించాను.

"తెర ఆపేశావా?" అన్నాడు అన్నయ్య.

"లేదు."

"ఆ మాట దిద్దు. మనది కాకపోయినా తప్పుతో ఉంచకు."

ధ తీసేసి థ పెట్టాను. పెట్టానని చెప్పాను.

"పెద్దది చెయ్యి."

పెద్దది చేశాను. ఇంకా అన్నాడు, ఇంకా చేశాను. చేస్తూ పోతే చివరికి ఆ ముప్పై అంగుళాల తెర మీద థ ఒక్కటే మిగిలింది. చుక్క సాసరంత అయింది, అయినా దాని అంచు ఎక్కడా చెదరలేదు. అన్నయ్య లేచాడు. తెరకి ఎదురుగా రాకుండా దాని పక్కనున్న కిటికీ వైపు తిరిగి నుంచున్నాడు. చూసేవాళ్ళకి వీధిలోకి చూస్తున్నట్టు ఉంటుంది. అలా మొహం తిప్పుకుంటేనే కంటి కొసకి ఏదైనా అందుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

"ఆఁ, ఉంది" అన్నాడు కిటికీలోకి చూస్తూ. "బాగుంది."

ఇంకెప్పుడైనా అయితే, నిజంగా కనిపించిందా, లేక నా ఏడుపు ఆపడానికి అంటున్నావా అని నిలదీసేదాన్ని. ఆ రోజు అడగలేదు. అన్నయ్య ఇటు తిరిగేదాకా ఆ అక్షరాన్ని తెర మీద అలాగే ఉంచాను.